ఫోన్ లాక్కోకముందు

శ్రోతలకు నమస్కారం.

మే నెలలో మన తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్లకు తెలుసు. బైరాగి వేషం, బండ వేషం కట్టినవాళ్లు ఎదురొచ్చినవాళ్లను నోటికొచ్చినట్టు తిడతారు. తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. అది అమ్మవారి మొక్కు, జాతరతో సరి. మగపిల్లలు చీర కట్టినా ఎవరూ వింతగా చూడరు.

అలా చీర కట్టిన ఎనిమిదో తరగతి పిల్లాడి ఫోటోను ఎవరో స్టిక్కర్ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారనుకోండి. జాతర అయిపోయినా స్టిక్కర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. వాడు లెక్కల హోంవర్క్ అడిగితే జవాబు ఆ స్టిక్కరే. పెట్టింది ఒక్కడు, నవ్వే ఎమోజీ నొక్కింది పాతికమంది. ‘నేనేం చేశాను, నవ్వానంతే’ అని ఎవరికి వాళ్లు అనుకుంటారు. వాడికి మాత్రం రాత్రి పదింటికి కూడా క్లాసంతా మంచం చుట్టూ నిలబడి నవ్వుతున్నట్టే ఉంటుంది.

ఇంట్లో కనిపించేది వేరు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు. ఆదివారం రాత్రి కడుపునొప్పి అంటాడు. సంగటి ముద్ద సగంలో వదిలేసి లేస్తాడు. గుచ్చి గుచ్చి అడిగితే ఎప్పటికో చెబుతాడు. వెంటనే మనం, “అంతా ఈ ఫోన్ వల్లే, ఇటివ్వు” అని లాక్కుంటాం. నన్నడిగితే అంతకంటే పెద్ద పొరపాటు లేదు. చెబితే ఫోన్ పోతుందని తెలిశాక ఏ పిల్లాడైనా రెండోసారి నోరు విప్పుతాడా? “చెప్పి మంచి పని చేశావు నాయనా” అనండి చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

తిరిగి తిట్టనివ్వకండి. పెట్టినవాళ్ల పేరు, నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. బ్లాక్ చేయడం, గ్రూపులోంచి బయటికి రావడం ఆ తర్వాతే. గ్రూప్ అడ్మిన్ తలచుకుంటే ఎవరు పెట్టిన మెసేజ్‌నైనా అందరికీ తీసేయగలరు. స్క్రీన్‌షాట్‌లు క్లాస్ టీచర్‌కు చూపించండి. అవతలి ఇంటి మీదికి గొడవకు పోవద్దు. పిల్లలు రెండు రోజుల్లో కలిసిపోతారు, పెద్దవాళ్ల పంతాలు మాత్రం ఏళ్లు నడుస్తాయి!

అసభ్యంగా మార్ఫింగ్ చేసిన ఫోటో అయితే సంగతి వేరు. రుజువు కోసమని కూడా దాన్ని ఇంకొకరికి పంపకండి. పిల్లల అసభ్య చిత్రాలు పంపడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరం. డబ్బడిగి బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, లేదా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలపై నేరాల గురించి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. పిల్లలే సాయం అడగాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. దిగులు తగ్గక నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

ఆ స్టిక్కర్ చేసింది మన పిల్లాడే కావచ్చు కూడా. “మావాడు అలాంటివాడు కాదు” అనేముందు మన ఫ్యామిలీ గ్రూపు ఒకసారి తెరిచి చూడండి. నల్లగా ఉన్న కోడలి మీద, లావుగా ఉన్న మరదలి మీద జోకులు ఫార్వర్డ్ చేసింది ఎవరు? పిల్లలు అవన్నీ చూస్తూనే ఉన్నారు.

వాడిని కొట్టొద్దు, పక్కన కూర్చోబెట్టుకుని ఆ స్టిక్కర్ తీయించండి. క్షమాపణ ఆ పిల్లాడికి చాటుగా చెబితే చాలదు, స్టిక్కర్ పెట్టిన గ్రూపులోనే పెట్టించండి. ఎమోజీ నొక్కి ఊరుకున్న పిల్లలకూ ఒక పని ఉంది. “రేపు నా పక్కన కూర్చో” అని ఆ పిల్లాడికి విడిగా ఒక మెసేజ్ పెట్టమనండి.

సెలవు.