మంటా, సలుపా, పోటా?

అందరికీ నమస్కారం. మోకాళ్ల నొప్పులున్నా ఈ చిక్కడపల్లి గ్రంథాలయం దాకా నడిచి వచ్చిన పెద్దలకు మరీ మరీ నమస్కారం.

ఊళ్లో మా అమ్మకు నడుం చుట్టూ అక్కి లేచింది. పొక్కులు ఎండిపోయాయి గానీ మంట పోలేదు. చీర అంచు తగిలినా ఉలిక్కిపడేది. "పుండ్లు మానాయి కదమ్మా, ఇంకా నొప్పేంటి? ఊరికే టెన్షన్ పడుతున్నారు" అని డాక్టర్ పంపించేశాడు. నేనూ డాక్టర్నే. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అమ్మ నొప్పి నిజం. దెబ్బ తగిలితే చర్మంలోని నరాల కొసలు విద్యుత్ సంకేతాలు పుట్టించి వెన్నుపాముకూ, అక్కడి నుంచి మెదడుకూ పంపుతాయి. అక్కి వైరస్ ఆ నరాన్నే పాడుచేస్తుంది. పొక్కు మానినా నరం సంకేతాలు పంపుతూనే ఉంటుంది. వెన్నుపాము కూడా అతి సున్నితమైపోయి, బట్ట తాకిడిని సైతం నొప్పిగా పైకి చేరవేస్తుంది. దీనికి పారాసిటమాల్ పెద్దగా పనిచేయదు. నేను వెళ్లి చూసి, నరాల నొప్పికి ఇచ్చే గబాపెంటిన్ మొదలుపెట్టించాకే అమ్మ రాత్రిళ్లు నిద్రపోయింది.

ఆ నరాల కొసల మీద ఒక ద్వారం ఉంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకుని, మంట అని సంకేతం పంపిస్తుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్‌కూ అదే తెరుచుకుంటుంది. మన హైదరాబాద్ బండి మీది మిర్చి బజ్జీ చల్లారాక తిన్నా నోరు మండేది అందుకే. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దాన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే క్యాప్సైసిన్‌ను 8 శాతం పట్టీగా గంటసేపు అంటిస్తే ఆ కొసలు మొద్దుబారి, కొందరికి నెలల తరబడి మంట తగ్గుతుంది. ఇది ఆస్పత్రిలో చేసే వైద్యం. దయచేసి ఇంట్లో కారం పూయకండి.

2025 జనవరిలో అమెరికా సుజెట్రిజిన్ అనే కొత్త మందును అనుమతించింది. నొప్పి నరాల్లో సంకేతం పుట్టడానికి సోడియం లోపలికి వచ్చే ఒక ద్వారాన్ని మూసి, సంకేతాన్ని దారిలోనే ఆపుతుంది. మార్ఫిన్‌లా మెదడు మీద పనిచేయదు కాబట్టి వ్యసనం భయం ఉండదని ఆశ. ప్రస్తుతానికి ఆపరేషన్ తర్వాత వచ్చేలాంటి నొప్పికే ఆ అనుమతి, అమ్మలాంటి వాళ్లకు కాదు.

అందుకే డాక్టర్ దగ్గర "నొప్పి" అని ఊరుకోకండి. మంట, సలుపు, పోటు, తీపు, తిమ్మిరి, జివ్వుమనడం, మనకెన్ని మాటలున్నాయో! మండుతోంది, జివ్వుమంటోంది అంటే మా అనుమానం నరం మీదికి పోతుంది. వాచి సలుపుతుంటే చీము కోసం చూస్తాం. "బట్ట తగిలితే మండుతోంది" అని అమ్మ మొదటి రోజే చెప్పింది. ఆ ఒక్క మాట వినుంటే మందు 3 నెలల ముందే దొరికేది.