తెర మీద చూపు, తీగ మీద వేలు

సభకు నమస్కారం.

వీడియో గేమ్ ఆడుతూ గిటార్ నేర్చుకోవచ్చా అని అడిగితే సంగీతం తెలిసినవారు నవ్వి ఊరుకోవడానికి కారణం లేకపోలేదు. 2005లో వచ్చిన ‘గిటార్ హీరో’ అనే వీడియో గేమ్ ఆటగాడి చేతికిచ్చిన ప్లాస్టిక్ గిటార్‌కు తీగలే లేవు. మెడ మీద అయిదు రంగుల మీటలు, తీగలు మీటినట్టు స్ట్రమ్ చేయడానికి ఒక చిన్న బద్ద, అంతే. దాని మీద ఆరితేరినవారు అసలు గిటార్ పట్టుకుంటే కార్డ్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి మోగే జట్టు, పలకదు. అయితే ఆ ఆట నేర్పనే లేదనడం అన్యాయం. పాట ఆగకుండా సాగుతుండగా లయ తప్పకుండా వెంట నడవడం అది నేర్పింది. 2007 నాటి ‘రాక్ బ్యాండ్’ అనే ఆటలో డ్రమ్స్ మరో మెట్టు పైన ఉన్నాయి. నాలుగు ప్యాడ్లను చేతులతో కొడుతూ, పెడల్‌ను కాలితో వేరే లెక్కలో తొక్కే అలవాటు అసలు డ్రమ్స్ దగ్గర కూడా యథాతథంగా అక్కరకు వస్తుంది.

అసలు వాద్యమే ఆట పరికరం కావడం 2011లో ‘రాక్‌స్మిత్’ అనే ఆటతో బాగా ప్రచారంలోకి వచ్చింది. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌ను ప్రత్యేకమైన యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే, మనం మీటిన స్వరాన్ని యంత్రం విని సరిచూస్తుంది. ఇది తేలిక పని కాదు. గిటార్‌లోని అతి మంద్రమైన తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క కంపనానికే దాదాపు 12 మిల్లీసెకన్లు పడుతుంది, స్వరాన్ని పోల్చుకోవాలంటే అలాంటివి కొన్నయినా వినాలి. కాకపోతే ఏ స్వరం రావాలో ఆటకు ముందే తెలుసు కనుక, అది వెతకనక్కరలేదు, వచ్చిందో లేదో చూసుకుంటే చాలు.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది పాయింట్లు కాదు, రిఫ్ రిపీటర్. పాటలో కష్టమైన నాలుగు బార్లను, అంటే తాళపు ఆవర్తాల వంటి చిన్న భాగాలను, విడదీసి, వేగం తగ్గించి, కుదిరేదాకా తిప్పి తిప్పి వాయించమంటుంది. గురువులు చెప్పేదీ ఇదే. మనం చేయనిదీ ఇదే. ఒంటరిగా సాధన చేసేటప్పుడు వచ్చిన భాగాన్నే మళ్లీ మళ్లీ వాయించి మురిసిపోవడం మానవ సహజం.

అయినా ఒక చిక్కుంది. కార్డ్ పట్టినప్పుడు ఉంగరపు వేలు కొద్దిగా వాలి పక్క తీగను తాకిందనుకోండి. ఆ తీగ మోగక తప్‌మంటుంది. ముఖ్యమైన స్వరాలు వినబడ్డాయి కనుక ఆట చాలాసార్లు సరేననేస్తుంది, కళ్లు అప్పటికే తెర మీద తోసుకొస్తున్న తర్వాతి గుర్తును పట్టుకుని ఉంటాయి కనుక ఆ మూగ తీగను చెవి పట్టించుకోదు. ఇలా నెలల తరబడి సాగితే పాట మొత్తం వాయించగలరు, తెర తీసేస్తే మొదటి వరుస కూడా గుర్తుండదు. పైనుంచి జారిపడే గీతలు చూపి పియానో నేర్పే సింథీసియా వంటివాటిలోనూ ఇదే ఇబ్బంది.

తయారీదారులకు ఇది తెలియకపోలేదు. 2013లో వచ్చిన ‘రాక్‌స్మిత్ 2014’ అనే ఆటలో మాస్టర్ మోడ్ ఉంది. మనకు పట్టు దొరికేకొద్దీ తెర మీది గుర్తులు మాయమవుతాయి. అది పెట్టుకోకుండా పాయింట్ల వెంట పడేవారు ఆటలో ఎదుగుతారు కానీ వాద్యంలో కాదని నా అభిప్రాయం. ఆ సౌకర్యం లేని ఆటల్లో, ఒక భాగం కుదిరిన వెంటనే టీవీ కట్టేసి, అదే భాగాన్ని టిక్‌టిక్‌మని లయ చూపే మెట్రోనోమ్‌తో వాయించి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. తెర ముందు వినబడని మూగ తీగ అందులో వినబడుతుంది.

ఇక చేయి పట్టే తీరు సంగతి. కేబుల్‌లోంచి శబ్దమే వెళ్తుంది కనుక, మణికట్టు వంగిపోయిందా, బొటనవేలు మెడను పిసికేస్తోందా అన్నది ఆట చూడలేదు. మొదటి కొన్ని వారాలైనా తెలిసినవారి ఎదుట కూర్చుని ఆ పట్టు సరిచేయించుకుని, ఆ తర్వాత కేబుల్ తగిలించుకోవడం మేలు.