వైరస్‌కు అక్కరలేని పొరపాటు: హెపటైటిస్ బి డీఎన్ఏ, కాలేయ క్యాన్సర్

(తెరపై: తైవాన్ పటం, పక్కన 22,707 అనే సంఖ్య.)

తైవాన్‌లో 22,707 మంది పురుషులను కొన్నేళ్ల పాటు గమనించిన అమెరికా వైద్య పరిశోధకుడు పామర్ బీస్లీ బృందం తన ఫలితాలను 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించింది. ఆ కాలంలో కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్‌తో 41 మంది మరణించగా, వారిలో 40 మంది రక్తంలో హెపటైటిస్ బి ఉపరితల యాంటిజెన్ (వైరస్ పైపొరలోని ప్రోటీన్) ఉన్నవారే. ఆ యాంటిజెన్ ఉన్నవారు మొత్తం 3,454 మంది మాత్రమే. అది లేని పంతొమ్మిది వేల పైచిలుకు మందిలో ఆ జబ్బుతో పోయినది ఒక్కరు.

సంబంధం తేలిపోయింది. మరి కణం లోపల ఆ వైరస్ ఏం చేస్తోంది? ఏళ్ల తరబడి వాపు, దాని వల్ల మచ్చకట్టడం, ఆ మచ్చలతో కాలేయం గట్టిపడే సిర్రోసిస్, చివరికి క్యాన్సర్ అనే దారి నిజమే. అయితే సిర్రోసిస్ ఛాయలే లేని కాలేయంలో కూడా హెపటైటిస్ బి ఉన్నవారికి క్యాన్సర్ పుడుతుంది కనుక, ఆ ఒక్క దారితో సరిపెట్టుకోలేము.

(తెరపై: కాలేయ కణం, కేంద్రకంలో ఉంగరంలా చుట్టుకున్న వైరస్ డీఎన్ఏ.)

ఈ వైరస్ డీఎన్ఏ పొడవు సుమారు 3,200 బేస్ జతలు, అంటే డీఎన్ఏ అక్షరాల జతలు. మన జన్యురాశిలో అవి దాదాపు మూడు వందల కోట్లు. కేంద్రకంలోకి చేరిన వైరస్ డీఎన్ఏ మూసుకున్న ఉంగరంలా స్థిరపడి, అక్కడి నుంచి ఆర్ఎన్ఏ ప్రతులను తయారు చేయిస్తుంది. ఆ ఆర్ఎన్ఏను మళ్లీ డీఎన్ఏగా మార్చే ఎంజైమ్ వైరస్‌కు సొంతంగా ఉంది. ఈ మార్పిడి అప్పుడప్పుడు గాడి తప్పి, ఉంగరం కావలసిన డీఎన్ఏ రెండు కొసలూ విడిగా ఉన్న తిన్నని పోగుగా మిగిలిపోతుంది. సరిగ్గా ఆ సమయానికి మన క్రోమోజోమ్ ఎక్కడైనా తెగి ఉంటే, తెగిన కొసలను అతికించే కణపు మరమ్మతు ఏర్పాటు సొంత పోగేదో పరాయి పోగేదో తేల్చుకోకుండా వైరస్ పోగును కూడా మధ్యలో కలిపి అతికేస్తుంది.

హెచ్ఐవీ వంటి వైరస్‌లు పనిగట్టుకుని, అందుకోసమే ఉన్న ఎంజైమ్‌తో మన డీఎన్ఏలో చేరతాయి. అలా చేరకపోతే వాటికి మనుగడ లేదు. హెపటైటిస్ బికి ఆ అవసరమూ లేదు, ఆ ఎంజైమూ లేదు. అతికిన ముక్క నుంచి కొత్త వైరస్ పుట్టడం సాధ్యం కాదు కూడా. ఇంతటి హాని వైరస్‌కు చిల్లిగవ్వ లాభం లేని పొరపాటు వల్ల జరగడమే ఈ విషయంలో నాకు అన్నిటికన్నా వింతగా తోచేది.

చాలాసార్లు ఈ అతుకు వల్ల ఏమీ జరగదు. జన్యువులు లేని చోట ముక్క పడి ఊరుకుంటుంది, లేదా ఆ కణమే చనిపోతుంది. ఎక్కడ పడిందన్నదే అసలు సంగతి.

(తెరపై: ఐదవ క్రోమోజోమ్ కొస, అక్కడ టెర్ట్ జన్యువు.)

ఐదవ క్రోమోజోమ్ కొసన టెర్ట్ అనే జన్యువు ఉంది. కణం విభజన చెందిన ప్రతిసారీ కాస్త కాస్త అరిగే క్రోమోజోమ్ కొసలను తిరిగి పొడిగించే టెలోమెరేజ్ ఎంజైమ్ ఈ జన్యువు నుంచే వస్తుంది. పెద్దవారి కాలేయ కణాల్లో ఇది దాదాపుగా నిద్రలో ఉంటుంది. అందువల్లే ఆ కణాల విభజనకు ఒక హద్దు ఉంది. వైరస్ డీఎన్ఏలో, తన జన్యువులను గట్టిగా పనిచేయించుకోవడానికి పెట్టుకున్న ఎన్‌హాన్సర్ అనే భాగాలు ఉన్నాయి. అటువంటి భాగం టెర్ట్ జన్యువుకు ఎదుట వచ్చి పడితే, వైరస్ కోసం పనిచేయవలసిన ఆ మీట మన జన్యువును మేల్కొల్పుతుంది. ఆ కణం హద్దు లేకుండా విభజన చెందే వీలు పొందుతుంది.

2012లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 81 మంది హెపటైటిస్ బి రోగుల కాలేయ కణితులను జన్యురాశి మొత్తం చదివి చూశారు. వైరస్ అతుకులు కణితుల్లో 86.4 శాతంలో కనిపించగా, పక్కనున్న కాలేయ కణజాలంలో 30.7 శాతంలోనే కనిపించాయి. టెర్ట్, ఎంఎల్ఎల్4, సైక్లిన్ ఇ1 అనే జన్యువుల దగ్గర ఒకరికి మించిన రోగుల్లో అతుకులు దొరికాయి. ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా పడే ముక్క వేర్వేరు మనుషుల కణితుల్లో అవే జన్యువుల దగ్గర కనిపిస్తోందంటే, అక్కడ పడిన కణాలే తక్కినవాటిని మించి పెరిగాయన్నమాట. ఒకే కణితిలోని కణాలన్నిటా అదే అతుకు కనిపించడం కూడా, కణితి ఎదగక ముందే ఆ సంఘటన ఒక కణంలో జరిగిందని చెబుతుంది.

అతికేటప్పుడు వైరస్ ముక్క తరచు తనలోని ఎక్స్ అనే జన్యువు ప్రాంతంలో తెగుతుంది. కొస తెగిన ఎక్స్ ప్రోటీన్ కూడా కణం పెరుగుదలను అదుపు తప్పించగలదు. అతుకు పడిన చోట క్రోమోజోమ్ భాగాలు జారిపోవడం, తారుమారు కావడం మరొక నష్టం.

(తెరపై: మాత్రల సీసా, పక్కన రక్తపరీక్ష నివేదిక.)

ఎంటెకవిర్, టెనోఫోవిర్ మాత్రలు ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి కనుక కొత్త అతుకులకు సరుకు తగ్గుతుంది, క్యాన్సర్ ముప్పు కూడా తగ్గుతుంది. కానీ ఇప్పటికే అతికిన ముక్కను అవి ఊడదీయలేవు. రక్తంలో వైరస్ డీఎన్ఏ కనిపించకుండా పోయిన తర్వాత కూడా ఉపరితల యాంటిజెన్ పరీక్ష పాజిటివ్‌గానే రావడానికి ఒక కారణం ఇదే: అతికిన ముక్క వైరస్‌ను తయారు చేయలేకపోయినా ఆ యాంటిజెన్‌ను తయారు చేస్తూనే ఉంటుంది. మాత్రలతో వైరస్ పూర్తిగా అదుపులో ఉన్నా, ముప్పు ఎక్కువగా ఉన్నవారిని ఆరు నెలలకొకసారి కాలేయానికి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకోమని వైద్యులు చెప్పేది అందుకే.