టికాల్‌లో నేను చూసిన చెరువులు

అందరికీ నమస్కారం. నేను ముప్పై ఏళ్లు చిన్ననీటి పారుదల శాఖలో కట్టలూ తూములూ చూసుకుంటూ బతికినవాణ్ణని మీకు తెలుసు. గుడికి తీసుకెళ్తే కోనేరు ఎక్కడుందని అడిగే రకం. కాబట్టి ఈ ప్రసంగంలో పిరమిడ్లు తక్కువై నీళ్లు ఎక్కువైతే ఏమీ అనుకోకండి.

పోయిన జూన్‌లో హ్యూస్టన్‌లో ఉండే మా అమ్మాయి నన్ను మధ్య అమెరికాలోని గ్వాటెమాలా తీసుకెళ్లింది. ఆ దేశపు ఉత్తరాన పెటెన్ అడవులున్నాయి. అక్కడ ఒక సరస్సు మధ్య ఫ్లోరెస్ అనే దీవిలో మా బస. ఒకప్పుడు అది ఇట్సా మాయాల రాజధాని, 1697 దాకా స్పెయిన్‌కు లొంగలేదు. మాయాలంటే ఆ ప్రాంతపు ప్రాచీన జాతి. అక్కణ్ణుంచి, అడవిలో శిథిలమైన మాయాల పాత నగరం టికాల్ సుమారు 65 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాన్ ఎక్కాం.

అడవిలో పది నిమిషాలు నడిచామో లేదో, పులి గాండ్రించినట్టు ఒక అరుపు. బీపీ మాత్ర వేసుకోలేదని గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. గైడు నవ్వి చెట్టు పైకి చూపించాడు. కోతి! హౌలర్ మంకీ అంటారట. ఒళ్లు ఇంత, గొంతు అంత.

ఆ గైడు ఇంట్లో కెక్చి అనే మాయా భాష మాట్లాడే, ఆ జాతి మనిషే. "ఇంతకీ మాయాలు ఏమైపోయారు?" అని మాతో వచ్చిన ఒకాయన అడిగితే, "పొద్దున మీకు టికెట్లు తెచ్చిచ్చింది ఎవరనుకుంటున్నారు?" అన్నాడు. మళ్లీ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

పెద్ద చౌకులోకి అడుగుపెట్టగానే ఎదురుగా ఒకటో నంబరు గుడి, 47 మీటర్ల ఎత్తు. క్రీ.శ. 682లో గద్దెనెక్కిన హసావ్ చాన్ కావీల్ అనే రాజు సమాధి దాని కిందే ఉంది. 695లో బద్ధశత్రువైన కలక్‌ముల్ నగరాన్ని ఓడించినవాడు. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను గైడు దగ్గరికెళ్లి, "ఇక్కడ నది ఏది?" అని అడిగాను.

లేదు. నది లేదు. వేల మంది బతికిన నగరానికి వానే దిక్కు. ఏటా కొన్ని నెలలు అదీ ఉండదు. కింద సున్నపురాయి, పడిన నీరు ఇంకిపోతుంది. మరి ఎలా? గుడి కోసం రాయి తీసిన గుంటనే చెరువు చేశారు. చౌకులకూ మెట్లకూ గచ్చు చేసి, కురిసిన నీరు చెరువుల్లోకి జారేలా వాలు పెట్టారు. అంటే మనం అంతసేపూ నిలబడి మెచ్చుకున్న ఆ చౌకే చెరువులకు నీరు పట్టే క్యాచ్‌మెంట్! ఎద్దుల్లేవు, ఇనుప పనిముట్లు లేవు, బరువులు లాగే బండి లేదు. అయినా రాజప్రాసాదం దగ్గర సుమారు 80 మీటర్ల పొడవు, 10 మీటర్ల ఎత్తు కట్ట వేశారు. అది దాదాపు ఏడున్నర కోట్ల లీటర్లు నిలిపేదని లెక్క. తూముల్లాంటి ఏర్పాట్లూ ఉండేవని తవ్విన పరిశోధకులు 2012లో రాశారు. కట్ట మీద నుంచే బాట. మన పల్లెల్లో చెరువుకట్ట మీద బండ్లు పోయినట్టే.

ఇంకో సంగతి. కోరియెంటల్ అనే చెరువులో జియోలైట్ అనే ఖనిజం, స్ఫటికపు ఇసుక బయటపడ్డాయి. నీళ్లు వడకట్టడానికే వాటిని ఎక్కణ్ణుంచో మోసుకొచ్చి వేశారని 2020లో తేల్చారు. మన ఇళ్లలో వాటర్ ఫిల్టర్ వచ్చి ఎన్నాళ్లయింది చెప్పండి?

అయితే అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధన చదివితే మనసు చివుక్కుమంటుంది. రాజప్రాసాదం, గుడి పక్క చెరువుల్లో పాదరసం, విషపు నాచు ఆనవాళ్లు దొరికాయి. రాజులకు ఎరుపు ప్రీతి. గోడలకూ సమాధులకూ ఇంగిలీకం అనే ఎర్రటి ఖనిజం వాడేవారు. ఇంగిలీకంలో ఉండేది పాదరసమే. వాన పడ్డప్పుడల్లా అది కడుక్కుపోయి చెరువులో చేరింది. నీళ్లు పట్టడానికి పెట్టిన వాలే విషాన్నీ పట్టింది. డిజైన్‌లో తప్పు లేదు, పైన పూసినదాంట్లో ఉంది. ఊరు ఖాళీ కావడానికి ఇదొక్కటే కారణం కాదు. కరువులున్నాయి, యుద్ధాలున్నాయి. తేదీ చెక్కిన చివరి శిలాఫలకం 869 నాటిది, అంతే.

మధ్యాహ్నం నాలుగో గుడి ఎక్కాం. 60 మీటర్లకు పైనే. చెక్కమెట్లు వేశారు కాబట్టి మోకాళ్లు దక్కాయి. ఈ గుళ్ల ద్వారబంధాల పై దూలాల్లో చాలావాటిది ఏ కర్రో తెలుసా? సపోటా! మన పెరట్లో ఉండే సపోటాయే. ఆ చెట్టు పుట్టిల్లే ఆ ప్రాంతం. సపోటా అన్న మాట కూడా మెక్సికోలోని నావాటల్ భాష నుంచి స్పానిష్ మీదుగా మనదాకా వచ్చింది. పన్నెండు వందల ఏళ్లు దాటినా చెదపట్టని దూలాలు కొన్ని ఉన్నాయి. ఈ గుడిలో బొమ్మలు చెక్కిన దూలం ఒకటి ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని బాజెల్ మ్యూజియంలో ఉంది. అక్కడికెందుకు పోయిందో వేరే ప్రసంగం కావాలి.

దిగి మళ్లీ చౌకుకు వచ్చేసరికి వాన అందుకుంది. అందరూ చూరు కిందకి పరుగు. నేను మధ్యలోనే నిలబడ్డాను. గచ్చు పోయి గడ్డి మొలిచింది. అయినా ఎటు పారుతుందో చూడాలిగదా! "నాన్నా, తడిసిపోతావ్, రా!" అని అమ్మాయి కేకలు. తర్వాత అది తీసిన ఫొటో చూపించింది. గుడి సగమే పడింది. దాని ముందు నేను, చెప్పులు చేత్తో పట్టుకుని, వంగి నేలకేసి చూస్తున్నాను.