బంతి మనదే, టీమ్ మాత్రం ఊరిది కాదు: నార్త్ కరోలినాలో బేస్‌బాల్ రోడ్ ట్రిప్

[ఓపెనింగ్ షాట్: కారు అద్దంలోంచి ఖాళీ పార్కింగ్. గేటుకి గొలుసు, తాళం. మాటలు మొదలయ్యేదాకా కప్పల అరుపు తప్ప ఇంకే శబ్దం ఉండకూడదు.]

మ్యాచ్ చూద్దామని గంటన్నర డ్రైవ్ చేసి, నలుగురం పులిహోర డబ్బాతో సహా విన్‌స్టన్-సేలమ్ వచ్చాం. గేటుకి తాళం. లోపల ఒక్క లైటు లేదు. పార్కింగ్‌లో మాది ఒక్కటే కారు.

"షెడ్యూల్ చూడలేదా?"

"నువ్వు చూశావనుకున్నా మామా."

టీమ్ ఊళ్లో లేదు. ఆ వారమంతా వాళ్ల ఆట ఇంకో ఊళ్లో. ఆ రోజు మేం తెలుసుకున్నది ఒక్కటే, అదీ గేటు మీద బోర్డు చదివి ఫోన్‌లో వెతికితే దొరికింది. టీమ్ పేరు 'డ్యాష్'. విన్‌స్టన్, సేలమ్ రెండూ ఒకప్పుడు వేరువేరు ఊళ్లు. కలిసిపోయాక పేర్ల మధ్య ఒక అడ్డగీత మిగిలింది. ఆ గీతనే టీమ్ పేరుగా పెట్టుకున్నారు. కారు బానెట్ మీద పులిహోర తిని వెనక్కి వచ్చేశాం.

ఇది మూడేళ్ల కిందటి కథ. ఈ జూలైలో మళ్లీ వెళ్లాం, ఈసారి షెడ్యూల్ చూసుకుని. నాలుగు రోజులు, నాలుగు గ్రౌండ్లు, సుమారు 480 మైళ్లు. ఈ వీడియోలో మా ట్రిప్ ఉంటుంది, దాంతోపాటు ఈ చిన్న టీమ్‌లు అసలు ఎలా నడుస్తాయో కూడా. అది తెలియకపోతే బేస్‌బాల్ అంత బోర్ కొట్టే ఆట ఇంకోటి లేదనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

[గ్రాఫిక్: నాలుగు మెట్లు. కింది నుంచి పైకి: సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. అన్నిటి పైన మేజర్ లీగ్.]

అమెరికా, కెనడాల్లో కలిపి మేజర్ లీగ్ టీమ్‌లు 30. ఒక్కో టీమ్‌కి కింద నాలుగు మెట్లు, మెట్టుకో చిన్న టీమ్. అంటే మొత్తం 120. 2021కి ముందు ఇంకా ఎక్కువే ఉండేవి. ఆ ఏడాది మేజర్ లీగ్ వ్యవస్థనంతా మార్చి 40కి పైగా టీమ్‌లను బయటికి పంపేసింది.

క్రికెట్ చూసేవాళ్లు వెంటనే "ఓ, మన రంజీ లాంటిది" అంటారు. కాదు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. రంజీలో ఆంధ్ర జట్టు అంటే ఆంధ్ర జట్టే. ఎవరు ఆడాలో ఆంధ్రా సెలెక్టర్లే తేలుస్తారు. ఇక్కడ డర్హమ్ టీమ్‌లో ఎవరు ఆడాలో డర్హమ్ వాళ్ల చేతుల్లో లేదు. ఆటగాళ్లు, కోచ్‌లు, మేనేజర్ అందరికీ జీతం ఇచ్చేది ఫ్లోరిడాలో ఉన్న టాంపా బే రేస్. డర్హమ్ యజమాని చూసుకునేవి టికెట్లు, తిండి, పార్కింగ్, బాణసంచా. ఓనర్‌కి తన టీమ్ బౌలర్‌ని మార్చే అధికారం కూడా లేదు.

దాంతో ఏమవుతుందంటే, బాగా ఆడేవాడిని పై నుంచి పిలిచి తీసుకుపోతారు. నిన్న రాత్రి రెండు హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టినవాడు ఇవాళ విమానంలో ఉంటాడు. "ఇవాళ గెలవకపోయినా పర్లేదు, ఆ కొత్త బంతిని ఇరవైసార్లు వెయ్యి" అని బౌలర్‌కి పై నుంచి చెప్పి ఉండొచ్చు. అక్కడ స్కోర్ కన్నా కుర్రాడు నేర్చుకోవడమే ముఖ్యం. మరి గెలుపోటములు తన చేతిలో లేనప్పుడు ఓనర్ జనాన్ని ఎలా రప్పించాలి? దీనికి ఒక్కో ఊరు ఒక్కో జవాబు వెతుక్కుంది. మా ట్రిప్ అంతా ఆ జవాబులు చూడటమే.

[స్క్రీన్ మీద: మంగళవారం నుంచి ఆదివారం వరకు ఆరు గళ్లు. సోమవారం గడి మీద ఇంటూ గుర్తు.]

ముందు షెడ్యూల్. తాళం మా నెత్తిన పడింది, మీ నెత్తిన పడకూడదు. 2021 నుంచి ఒక ఊరికి వచ్చిన టీమ్ మంగళవారం నుంచి ఆదివారం దాకా అక్కడే ఉండి ఆరు మ్యాచ్‌లు ఆడుతుంది. సోమవారం మామూలుగా ఆట ఉండదు. అంటే ఒక గ్రౌండ్ వారమంతా వెలుగుతుంది, లేదా వారమంతా చీకటి. దగ్గర ఊళ్ల రెండు టీమ్‌లు ఒకదాంతో ఒకటి ఆడుతుంటే ఆ రెండు గ్రౌండ్లూ ఒకే వారంలో చూడలేరు. మ్యాప్ తర్వాత, క్యాలెండర్ ముందు. మా బ్యాచ్‌లో ఈ పని ఎక్సెల్ షీట్ పిచ్చి ఉన్నవాడికి అప్పగించాం. మీ బ్యాచ్‌లోనూ అలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు.

[డ్రోన్ షాట్: డర్హమ్. ఎర్ర ఇటుకల పాత ఫ్యాక్టరీ, పొడవాటి చిమ్నీ, పక్కనే పచ్చటి గ్రౌండ్.]

గురువారం, డర్హమ్. ఇది మా సొంత ఊరి కిందే లెక్క. మారిస్‌విల్, క్యారీ చుట్టుపక్కల ఎంతమంది తెలుగువాళ్లు ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. చాలామంది ఇరవై నిమిషాల దూరంలో ఉండి కూడా ఈ గ్రౌండ్‌లో అడుగు పెట్టి ఉండరు.

గ్రౌండ్ పక్కన కనిపించే ఇటుకల భవనాలు ఒకప్పటి సిగరెట్ ఫ్యాక్టరీ. ఇప్పుడు అందులో ఆఫీసులు, హోటళ్లు. 1902లో ఈ టీమ్ మొదలైనప్పుడు దాని పేరే 'టొబాకనిస్ట్స్', అంటే పొగాకు వాళ్లు. ఇప్పటి పేరు 'బుల్స్', అంటే ఎద్దులు. మాది ప్రకాశం జిల్లా. టంగుటూరు పొగాకు వేలం కేంద్రం చుట్టూ తిరుగుతూ పెరిగినవాణ్ని. మా తాత పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో రాత్రంతా మేలుకుని మంట చూసుకునేవాడు. ఆ బ్యారన్‌లో గొట్టాల వేడితో ఆకును బంగారు రంగుకి తెచ్చే పద్ధతి ఇదిగో, ఈ నార్త్ కరోలినా, వర్జీనియా పొలాల్లో పుట్టిందే. మనం వర్జీనియా పొగాకు అనడానికి కారణం అదే. మొదటిసారి ఆ చిమ్నీ కింద నిలబడినప్పుడు తాతకి ఫోన్ చేద్దామనిపించింది. ఆయన లేరు, నాన్నకి చేశాను. "అక్కడ ఇప్పుడు కిలో ఎంత పలుకుతోంది?" అని అడిగారు.

[క్లోజప్: ఎడమ వైపు గోడ మీద పెద్ద ఎద్దు బొమ్మ.]

ఆ గోడ ఎత్తు 32 అడుగులు. పైన ఎద్దు. సొంత టీమ్ హోమ్ రన్ కొడితే దాని కళ్లు ఎర్రగా వెలుగుతాయి, తోక ఊగుతుంది, ముక్కులోంచి పొగ వస్తుంది. 1988లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా షూటింగ్ కోసం పాత గ్రౌండ్‌లో ఇలాంటి ఎద్దును పెట్టారు. జనానికి నచ్చడంతో ఆ బొమ్మ టీమ్‌కి గుర్తుగా మిగిలిపోయింది. 1995లో ఇక్కడ కొత్త గ్రౌండ్ తెరిచినా ఎద్దు మాత్రం పోలేదు. దాని మీద రాసి ఉన్నదేంటంటే, బంతి ఎద్దుకి తగిలితే స్టేక్ ఫ్రీ, కింద గడ్డికి తగిలితే సలాడ్ ఫ్రీ. మాలో ఇద్దరు శాకాహారులు. రెండున్నర గంటలు గడ్డి వైపే చూస్తూ కూర్చున్నారు.

డర్హమ్‌ది ట్రిపుల్-ఎ, అంటే మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద. ఇక్కడ ఇంకో విషయం గమనించండి. బ్యాటర్ ఒక్కసారిగా హెల్మెట్ తట్టుకుంటాడు, వెంటనే పెద్ద తెర మీద బంతి దారి బొమ్మలా వస్తుంది. మన డీఆర్‌ఎస్ లాంటిదే. కాకపోతే డగౌట్ వైపు చూసి సలహా అడగడానికి లేదు. బ్యాటర్, బంతి విసిరే పిచర్, వెనక కీపర్‌లా కూర్చునే క్యాచర్, ఈ ముగ్గురిలో ఒకరు అప్పటికప్పుడు అడగాలి. ఏళ్ల తరబడి ఈ చిన్న లీగ్‌లలో పరీక్షించాకే దీన్ని 2026 నుంచి మేజర్ లీగ్‌కి తెచ్చారు. పిచర్ ఇన్ని సెకన్లలోపు బంతి వేసి తీరాలన్న గడియారం కూడా అంతే. ముందు ఇక్కడ, తర్వాత 2023లో అక్కడ. కొత్త వంటకం ముందు ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించినట్టు.

[గ్రౌండ్ సౌండ్. స్టాండ్స్‌లోకి బంతి. కేకలు.]

ఇది చూడండి. ఫౌల్ బంతి, అంటే గీత బయటికి పక్కకి పోయిన బంతి, మా వరసలోకి వచ్చింది. మావాడు పట్టుకున్నాడు, పట్టుకుని వెంటనే గ్రౌండ్‌లోకి విసరబోయాడు. చిన్నప్పటి నుంచి క్రికెట్ చూసిన చెయ్యి కదా. పక్క సీటు పెద్దావిడ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక్కడ బంతి దొరికితే మనదే. వెనక్కి ఇవ్వక్కర్లేదు. ఆ బంతి ఇప్పుడు కారు డ్యాష్‌బోర్డ్ మీద ఉంది.

[కారు లోపల. రోడ్డు.]

శుక్రవారం గ్రీన్స్‌బరో, గంట ప్రయాణం. ఇది హై-ఎ, అంటే కింది నుంచి రెండో మెట్టు. ఈ ఊరు వెతుక్కున్న జవాబు కుక్క. మిస్ బేబ్ రూత్ అనే నల్ల ల్యాబ్రడార్ 2006 నుంచి 2015 దాకా ఇక్కడ బ్యాట్లు ఏరుకొచ్చేది, బుట్ట నోట కరుచుకెళ్లి అంపైర్‌కి బంతులు అందించేది. ఆ రోజుల్లోనే యోగి అనే ఇంకో కుక్క ఆట మధ్యలో గడ్డి మీదే పని కానిచ్చేసింది. అంపైర్ దాన్ని గ్రౌండ్ నుంచి బయటికి పంపేశాడు. ఇది జోక్ కాదు, నిజంగానే ఎజెక్ట్ చేశాడు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌కి చెందిన ఇద్దరు కుర్రాళ్లు, రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్, ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లు. 2008లో ఒక టీవీ పోటీలో వేగంగా బంతి విసిరి మొదటి రెండు స్థానాల్లో నిలిచారు. అప్పటిదాకా బేస్‌బాల్ ముట్టుకోని వాళ్లతో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం చేసుకుంది. రింకూ 2011లో వెస్ట్ వర్జీనియా టీమ్‌కి ఆడాడు. అప్పట్లో గ్రీన్స్‌బరో కూడా ఆ లీగ్‌లోనే ఉండేది. అతను మేజర్ లీగ్ దాకా చేరలేదు, తర్వాత రెజ్లింగ్‌లోకి వెళ్లాడు. ఈ మెట్ల మీద ఉన్నవాళ్లలో చాలామంది పైకి చేరరు. మీరు చూస్తున్న తొమ్మిదిమందిలో ఎవడు చేరతాడో అని పందెం కాసుకోండి, ఆట మొత్తం మారిపోతుంది. మేం కాఫీ పందెం వేసుకున్నాం. తేలడానికి ఇంకా రెండుమూడేళ్లు పడుతుంది.

రాత్రి బాణసంచా. చాలా గ్రౌండ్లలో శుక్రవారం అంటే అదే. బాగుంది. మన దీపావళి చూసినవాళ్లకి మరీ అంత ఏమీ అనిపించదు.

[కొండల మధ్య హైవే.]

శనివారం ఆష్‌విల్. 175 మైళ్లు, చివర్లో ఘాట్ రోడ్డు. 1924లో కట్టిన గ్రౌండ్, కొండ పక్కన ఒదిగి ఉంటుంది. కుడివైపు స్థలం లేక బౌండరీ బాగా దగ్గరికి వచ్చేసింది. అందుకే అక్కడ గోడ ఎత్తుగా కట్టారు. టీమ్ పేరు 'టూరిస్ట్స్'. సొంత ఊళ్లో ఆడేవాళ్లు టూరిస్టులు. ఒకప్పుడు స్కోర్ బోర్డు మీద ఒక వరసలో 'విజిటర్స్', రెండో వరసలో 'టూరిస్ట్స్' అని ఉండేదట. ఊరివాళ్లు ఎవరో మీరే చెప్పండి.

ఆటలో తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటే, నాలుగోదాంట్లోనే వాన కుమ్మేసింది. ఒకేసారి డజనుమందికి పైగా కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి పెద్ద పట్టా లాగడం మొదలుపెట్టారు. కల్లంలో వడ్లు తడవకుండా పట్టాలు కప్పే హడావిడి చూశారా, అచ్చం అదే. గాలికి ఒక మూల లేచిపోయింది, ఇద్దరు దాని మీద పడుకున్నారు. జనం చప్పట్లు. మ్యాచ్ కన్నా నాకు ఇదే బాగా గుర్తుంది. వానకి ఆట మధ్యలోనే రద్దయితే చాలా గ్రౌండ్లలో ఇంకో రోజు మ్యాచ్‌కి టికెట్ మార్చి ఇస్తారు, డబ్బు వెనక్కి రాదు. దూరం నుంచి వెళ్లేవాళ్లు అది గుర్తుపెట్టుకోండి. మాకు గంటలో తెరిపిచ్చింది.

[ఫుడ్ షాట్స్, త్వరగా.]

తిండి గురించి అందరూ అడుగుతారు. బయటి తిండిని చాలాచోట్ల లోపలికి రానివ్వరు, పులిహోర కార్లోనే. హాట్ డాగ్ దేంతో చేసిందో అడిగి తీసుకోండి, బీఫ్ కావచ్చు, పోర్క్ కావచ్చు. శాకాహారులకి ప్రెట్జెల్, నాచోస్, ఫ్రైస్ గ్యారంటీ, మిగతాది అదృష్టం. సాయంత్రం మ్యాచ్ అయితే థర్డ్ బేస్ వైపు, అంటే బ్యాటర్ వెనక నుంచి చూస్తే ఎడమ వైపు, టికెట్ తీసుకోండి. ఎక్కువ గ్రౌండ్లలో నీడ ముందు అటే పడుతుంది. ఫస్ట్ బేస్ వైపు, అంటే కుడి వైపు కూర్చుంటే సూర్యుడు కళ్లల్లోకే.

[కన్నాపొలిస్ మెయిన్ స్ట్రీట్. పాత నలుపు తెలుపు ఫొటో: తువ్వాళ్ల మిల్లు.]

ఆదివారం కన్నాపొలిస్. సింగిల్-ఎ, అన్నిటికన్నా కింది మెట్టు. ఈ ఊరిని పెంచింది కానన్ మిల్లు, తువ్వాళ్లకి పేరు మోసింది. 2003లో మిల్లు మూతపడి ఒక్కరోజులో వేలమంది రోడ్డున పడ్డారు. తర్వాత పట్టణ పాలకవర్గం డౌన్‌టౌన్ భూములు కొని, మధ్యలో ఈ గ్రౌండ్ కట్టింది. టీమ్ పేరులో కానన్ అలాగే ఉంది: 'కానన్ బాలర్స్'. మాలో వరంగల్ వాడు ఒకడున్నాడు, వాళ్ల ఊళ్లోనూ ఇలాగే పెద్ద బట్టల మిల్లు మూతపడింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మా ఆజంజాహి మిల్లు దగ్గర ఇలాంటిది ఒకటి కట్టి ఉంటేనా" అన్నాడు.

ఇక్కడ ఆడేవాళ్లు ఎంత చిన్నవాళ్లంటే, కొందరిని టీనేజర్లు అనే అనాలి. జీతాలు కూడా చెప్తాను. 2022లో వీళ్లంతా యూనియన్‌లో చేరారు. 2023 ఒప్పందంలో ఈ మెట్టుకి కనీస జీతం ఏడాదికి 26,200 డాలర్లు అయింది, ట్రిపుల్-ఎకి 35,800. అదే ఏడాది మేజర్ లీగ్‌లో కనీసం 7,20,000. డర్హమ్‌లో మా ముందు ఆడినవాడికీ ఆ జీతానికీ మధ్య ఉన్నది ఒక్క మెట్టే.

మ్యాచ్ అయ్యాక పిల్లల్ని గ్రౌండ్‌లోకి వదిలారు, బేస్‌ల చుట్టూ పరుగెత్తడానికి. మాకు పిల్లలు లేరని ఆపేశారు.

[రాత్రి. హైవే. కారు లోపలి నుంచి షాట్, మ్యూజిక్ వద్దు.]

బయటికి వస్తుంటే వెనక గేటు దగ్గర బస్సు. ఓడిన జట్టు కుర్రాళ్లు బ్యాగులు డిక్కీలో వేస్తున్నారు. వర్జీనియాలో ఫ్రెడరిక్స్‌బర్గ్ వాళ్లు, ఐదు గంటల దారి. మాకు రెండు గంటలు.

ఇంటర్‌స్టేట్ 85 మీద గ్రీన్స్‌బరో దగ్గర ఆ బస్సు మళ్లీ కనిపించింది. పక్కన కాసేపు నడిపాం. లోపల అంతా చీకటి, వెనక సీట్లో ఒక్క ఫోన్ వెలుతురు మాత్రం ఉంది. మావాడు డ్యాష్‌బోర్డ్ మీది బంతి తీసి కిటికీకి ఆనించి చూపించాడు. ఆ ఫోన్ రెండుసార్లు ఆరి వెలిగింది.