సూది లేని టీకా ఎవరి చేతికి రావాలి?

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ నాకిచ్చింది పది నిమిషాలు. ముందు వరసలో కూర్చున్న ఏఎన్ఎం అమ్మలకు మాత్రం విడిగా ఇంకో నమస్కారం.

సూది లేని టీకాలు, చర్మంలో రోగనిరోధక శక్తి అని కార్డులో వేశారు. పిల్లలు ఏడవరు, పెద్దలు బెదరరు అని చెప్పేసి దిగిపోవచ్చు. నా గొడవ అది కాదు.

2016 జూన్. హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన పోలియో వైరస్ బయటపడింది. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో వారం రోజుల్లో మూడు లక్షల పైచిలుకు పిల్లలకు ఐపీవీ, అంటే సూదితో ఇచ్చే పోలియో టీకా, వేయాలి. ఆ మందుకేమో ప్రపంచమంతా కరువు. అందుకని అర మిల్లీలీటరుకు బదులు 0.1 మిల్లీలీటరు, అంటే ఐదో వంతు, కండలోకి కాకుండా చర్మం పొరల మధ్యకు ఇచ్చారు. ఒక బస్తీలో పర్యవేక్షణకు నన్ను వేశారు. తల్లి ఒళ్లో పిల్లాడు గింజుకుంటుంటే, ఆ చిట్టి జబ్బ మీద సూదిని దాదాపు పడుకోబెట్టి మొన ఒక్కటే లోపలికి పోనివ్వాలి. సరిగ్గా పడితే నారింజ తొక్కలా గరుకుగా చిన్న పొక్కు లేస్తుంది. లేవలేదంటే మందు లోతుకు దిగినట్టు, లేదా బయటికి కారినట్టు. ఒక పిల్లాడు చెయ్యి గుంజుకున్నాడు, మందు మోచేతి దాకా కారింది. "ఏందమ్మా, మందంతా నేలపాలు చేస్తివి" అంది తల్లి. ఆ ఏఎన్ఎం మారు మాట్లాడలేదు. పొద్దున్నుంచీ నిలబడే ఉంది. సాయంత్రం మీటింగులో మాటపడింది కూడా ఆవిడే. చెయ్యి తిరగడానికి ఆవిడకు ఎన్నాళ్లు టైమిచ్చారని నేనడిగితే ఎవరూ పలకలేదు.

ఐదో వంతు ఎలా సరిపోతుందంటారా? చర్మం నిండా కాపలా కణాలే. 1868లో బెర్లిన్‌లో లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి వాటిని చూసి నరాల కణాలనుకున్నాడు. అవి చొరబడినదాన్ని పట్టుకుని, దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి, రోగంతో పోరాడే టీ కణాలకు చూపిస్తాయి. కండలో ఇంత పహరా లేదు. అలాగని ఒక్క చిన్న డోసుతో పనైపోదు. రెండు పడితే మాత్రం ఒక పూర్తి డోసు కంటే మెరుగు.

ఇప్పుడు సూది లేకుండా ఆ పని చేసే పరికరం మాట. స్ప్రింగు బలంతో మందును సన్నటి ధారగా చర్మంలోకి కొడుతుంది. వెనకటి జెట్ గన్లలో ఒకే మూతిని అందరికీ ఆనించేవారు. 1980ల్లో కాలిఫోర్నియాలో హెపటైటిస్ బి అలాగే పాకింది. ఇప్పుడు ఆ మూతి మనిషికొకటి. 2021 ఆగస్టులో మన దేశం అనుమతించిన జైకోవ్-డి అనే కోవిడ్ టీకా, మనుషులకు అనుమతి పొందిన తొలి డీఎన్ఏ టీకా, ఇలాగే ఇచ్చేది. అప్పట్లో డోసు 265 రూపాయలు, పరికరానికి ఇంకో 93. మొదట ఇస్తామన్న ఏడు రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. పేపర్లో ఫోటో చూశాం, అంతే.

అమ్మా, మీలో ఎంఆర్, అంటే తట్టు-రుబెల్లా టీకా, వయల్ పారబోయనివాళ్లు ఉంటే చెయ్యెత్తండి. చూశారా! పొడిని ద్రావకంతో కలిపిన నాలుగు గంటలకు పారేయాల్సిందే; పిల్లలు ఇద్దరే వచ్చినా అంతే. గాంబియాలో ఎంఆర్ టీకాను సూక్ష్మ మొనల పట్టీగా మణికట్టు మీద ఐదు నిమిషాలు అంటించి చూశారు. 2024లో ఫలితాలొచ్చాయి: పసిపిల్లల్లో తట్టుకు 93 శాతం మందిలో యాంటీబాడీలు వచ్చాయి, సూదితో 90. కలిపే పని లేదు, మిగిలింది పారబోసే పని లేదు.

జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్ఓ గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ పట్టీ మన దాకా వచ్చిన రోజున మొదటి పెట్టె ఏజెన్సీ సబ్ సెంటర్‌కు పంపండి సార్. ట్రైనింగు ఒక్క పూటలో ముగించకండి.