గుట్ట చేలో ఎద్దుల ప్లాంటర్: మూడెకరాలు విత్తినాక నా మాట

నమస్కారమన్నా, నమస్కారమక్కా. తుగ్గలి వైపు మా చేలోనే నిలబడి మాట్లాడుతున్నా. ఆ పక్క చేలల్లో వంగి వంగి తిరిగేవాళ్లు కూలోళ్లు కాదు, వజ్రాలు ఏరుకోవడానికి వచ్చినోళ్లు, తొలకరి పడితే మాకిది మామూలే.

సరే, ఇదిగో ఎద్దులు లాగే రెండు సాళ్ల ప్లాంటర్, అంటే ఒక్క తూరికి రెండు సాళ్లు విత్తే మిషన్. పెట్టెలో ఏటవాలుగా ఒక పళ్లెం, దాని అంచున గుంతలు. గుంతకొక గింజ ఎక్కి, పైకొచ్చి, గొట్టంలో పడుతుంది. పళ్లేన్ని తిప్పేది ఈ ఇనుప చక్రం. అది నేల మీద తిరిగితేనే గింజ పడేది, గొడవంతా ఇక్కడే ఉంది, చెప్తా.

బుడ్డలకు, అదే వేరుశనగకు, సాలుకీ సాలుకీ మధ్య 30 సెంటీమీటర్లు, గింజకీ గింజకీ మధ్య 10 అంటారు కదా, అంటే 10 మీటర్ల సాలులో 100 గింజలు ఉండాలి. మట్టి తీసి లెక్కపెట్టా. చదును నేలలో మిషన్ సాలుకు 100కి నాలుగైదు తక్కువ పడ్డాయి. మా పెద్దమ్మ పాత విత్తే గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో, అదే గొట్టాల మీదుండే చెక్క గిన్నెలో, చేత్తో గింజలు పోసిన సాలులో 120 దాటాయి, ఒకచోట గుత్తిగా, ఒకచోట పలచగా. విత్తనం రేటు తెలిసినోళ్లకు ఆ తేడా ఎంతో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గుట్ట మొదట్లోకి రండి. అంతా గరుసు, రాళ్లు. చక్రం రాయెక్కిందంటే తిరగడం ఆగిపోతుంది, ఎద్దులు మాత్రం ఆగవు, మూడడుగుల సాలు గింజ లేకుండా బోసి. వాలుకు అడ్డంగా విత్తాలి, నిలువుగా విత్తితే ఒక్క గట్టివానకే సాళ్లు కాలవలైపోతాయి, కానీ అడ్డంగా పోతుంటే మిషన్ కిందికి జారుతుంది, మేడి పట్టుకున్నోడి భుజం పోతుంది, పై సాలు గింజేమో రెండంగుళాల లోతుకు దిగకుండా పైపైనే ఉండిపోతుంది. మా పెద్దమ్మ ఆ బోసి సాలు చూసి, "ఏందిరా, నీ మిషన్‌కు కండ్లు లేవా?" అనింది. రాయి దగ్గర గొర్రు ఎగిరినా ఆమె చెయ్యి ఆగి, మళ్లీ పోస్తుంది మరి.

కొనేముందు ఒక పని చేయండి. గొట్టాల కింద పంచె పరిచి, చక్రాన్ని చేత్తో ఇరవై చుట్లు తిప్పి, చీలిన గింజలు ఏరండి. నాకిచ్చిన పళ్లెం గుంతలు పెద్దవి, గుంతకు రెండేసి ఎక్కి నలిగాయి, మార్పించుకోవడానికి షాపుకు రెండుసార్లు తిరిగా. ఇంకోటి, పెట్టెలు దేనికది విడిగా ఉండాలి. ఏడు సాళ్ల బుడ్డలకు ఒక సాలు కంది వేసేవాళ్లు నాలుగో తూరికి ఒక పెట్టెలో కందులు పోసి, పళ్లెం మార్చుకుంటే చాలు.

పొలం చదునుగా ఉండి, గింజలు పోసే మనిషి దొరకడం లేదంటే కొనండి. నాలాగా సగం రాళ్ల వాలైతే గొర్రును అమ్ముకోవద్దు, నేను పై ఎకరా దాంతోనే విత్తా. ఎద్దులు నీళ్లకు చూస్తున్నాయి, కాడి దించాలి, ఉంటానన్నా.